పురిటి ఖర్చులు: నాడు, నేడు

నేడు నేను ముచ్చటింప దలచిన విషయము చరిత్ర గ్రంథములలో కానరాని చరిత్ర. రాజుల పట్టాభిషేకములకైన దానములు శాసనములలో చెక్కబడినవి. పేదరైతు ఇంట తొలిచూలు పురిటికి ఎంత ఖర్చయ్యెనో వ్రాసిపెట్టినవాడు లేడు. ఆ లెక్క తండ్రినుండి కొడుకునకు అప్పు రూపమున మాత్రమే సంక్రమించుచు వచ్చినది. మా బాన్సువాడ ప్రాంతమున "ఈ మడి పెద్దక్క పురిటికి పోయినది" అని పొలముగట్టున నిలిచి చేయిచాపి చూపెడి మాట నేను బాల్యమున వినియున్నాను. పురుడు దైవాధీనమందురు. ఖర్చు మాత్రము మనుష్యాధీనమే. అందులో ఏది అవసరము, ఏది ఆడంబరము, ఎచ్చట పొదుపు మేలు, ఎచ్చట పొదుపు ప్రాణాంతకము అను విచారణ మన పెద్దలు ఎట్లు చేసిరో, మన కాలమున అది ఎట్లు తారుమారయ్యెనో కొంత మనవి చేసెదను.

మొదట శాస్త్రము మాట. చరక సంహితలో శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయము పురిటింటికిని, పసిబిడ్డకును సంబంధించినది. సూతికాగృహమున ఏయే వస్తువులు సిద్ధముగా ఉంచవలెను, ఎట్టి స్త్రీలు దగ్గర ఉండవలెను అని అందు విపులముగా చెప్పబడినది. అనేక పర్యాయములు ప్రసవించినవారును, ఓర్పుగలవారును, గర్భిణియందు ప్రేమగలవారును అయిన స్త్రీలు దగ్గర ఉండవలెనట. ఈ సహాయమునకు మూల్యము లేదు. పిదప బిడ్డ బట్టల ప్రస్తావన వచ్చినది. పక్కగుడ్డలు, కప్పుగుడ్డలు మెత్తనివి, తేలికైనవి, శుభ్రమైనవి కావలెననియు, చెమటయు మలమూత్రములును అంటినవి విడువవలెననియు చెప్పి, ఆచార్యుడు అంతటితో ఊరకొనలేదు. వేరుబట్టలు దొరకనియెడల ఆ బట్టలనే చక్కగ ఉతికి, ధూపమువేసి, బాగుగా ఆరబెట్టి వాడవచ్చునని అనుమతించెను. ఈ కడపటి మాట చెప్పినవాడు పేదవాని ఇల్లు చూచినవాడై ఉండవలెనని నా నమ్మకము. ఆటవస్తువులను గూర్చియు ఆయన చెప్పెను. అవి చూడ ముచ్చటైనవి, చప్పుడుచేయునవి, తేలికైనవి, మొనలులేనివి, బిడ్డ నోటిలోనికి పోనివి, భయపెట్టనివి కావలెనట. నేటి అంగళ్లలో బిడ్డల బొమ్మలు కొనువారు ఈ ఆరు గుణములు చూచి కొన్నచో చాలును. వెలను బట్టి గుణములు రావు.

మన పల్లెలలో ఈ శాస్త్రము చదువని స్త్రీలు దీనినే ఆచరించిరి. గర్భిణికి నెలలు నిండుచుండగా అమ్మమ్మ పెట్టె అడుగునుండి పాత నూలుచీరలు వెలికివచ్చెడివి. వాడివాడి పలుచబడి మెత్తనైన ఆ చీరలను చింపి, ఉడుకబెట్టి, ఎండలో ఆరవేసి మడతలుపెట్టిన పొత్తిగుడ్డలకు మించిన పట్టుబట్ట పసివంటికి లేదు. బిడ్డ పుట్టకమునుపు కొత్తబట్ట కుట్టింపరాదనియు, మొదట తొడుగునది పిల్లలు చల్లగానున్న వేరొక ఇంటినుండి తెచ్చిన పాతచొక్కాయే కావలెననియు ఒక ఆచారము. దీనిని మూఢనమ్మకమని చదువుకొన్నవారు నవ్వుదురు. పుట్టినవారిలో బ్రదికి బట్టకట్టుట సందేహమైన దినములలో ముందుగా కొని దాచిన చిన్నబట్ట తల్లి కడుపుకోతకు తోడయ్యెడిది. కొత్తబట్టలోని గంజి లేతచర్మమును ఒరయును. ఇక ఊయల సంగతి. దూలమునకు చీరకట్టి వ్రేలాడదీసినది పేదయింటి ఊయల. కొయ్యతొట్టె వీథికొకటి ఉండెడిది. అది ఒక ఇంట నిద్దురపుచ్చిన బిడ్డ నడక నేర్వగానే మరియొక ఇంటికి పోయెడిది. ఏ ఇంటివారిది అను ప్రశ్నయే లేదు. స్నానమునకు పెసరపిండి, ఒంటికి ఆముదమో నువ్వులనూనెయో, పొగకు సాంబ్రాణి. బాలింతకు శొంఠి, వాము, మిరియాలు, బెల్లము, నెయ్యి కలిపి దంచిన కాయము. వీనిలో అధికభాగము ఇంటనే లభించెడివి.

మరి, ఇంత చవుకగా జరిగిన పురిటికి మడిచెక్క ఏల పోయెను? ఇది అడుగదగిన ప్రశ్న. పురుడు పోయుటకు డబ్బు కాలేదు. పురుడు జరిపించుటకు అయినది. తొలిచూలు పుట్టింట జరుగవలెనన్నది మన ఆచారము. అందున్న అంతరార్థము గొప్పది. అత్తవారింట పనిచేయుచుండు పిల్లకు మూడునెలల విశ్రాంతి, తల్లిచేతి భోజనము దొరకవలెనని అది ఏర్పడినది. కాని ఆ విశ్రాంతి చుట్టు క్రమముగా కానుకల కంచె పెరిగినది. సీమంతమునకు చీరలు, ఇరువదియొకటవ దినమున తొట్టెల పండుగకు విందు, బిడ్డ కాళ్లకు వెండి, మొలకు వెండి, అల్లునికి బట్టలు, వియ్యపురాలికి బట్టలు, పిల్లను సాగనంపునాడు ఒడిబియ్యము. వీనిలో ఒక్కటియు తల్లి రక్తమునకు గాని, బిడ్డ పాలకు గాని చేరునది కాదు.

మా ప్రాంతమున ఈ ఆడంబరము పెరుగుటకు నీరు కూడ ఒక కారణమని నా అభిప్రాయము. మంజీరపై నిజాం సాగరము పని 1923లో మొదలై 1931లో ముగిసినది. అంతవరకు చెరువునీటిని, వానచినుకును నమ్ముకొన్న ఊళ్లకు కాలువనీరు వచ్చెను, వరియు చెరకును వచ్చెను, బోధనులో చక్కెర కార్ఖానా లేచెను, రైతుచేతికి రొక్కము వచ్చెను. రొక్కము వచ్చినచోటికి పోటీయు వచ్చును. పక్కయింటివారు తొట్టెలకు నూరుమందికి పెట్టినచో మనము నూటయేబదిమందికి పెట్టవలెను. నీరులేని యెగువ గ్రామములవారు జొన్నరొట్టెతో ముగించిన వేడుకను కాలువక్రింది గ్రామములవారు వరియన్నముతో, యాటమాంసముతో చేసిరి. నీటిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ నీరే మా కడుపులు నింపినది.

ఇంతవరకు చెప్పినది పొదుపు చేయదగినచోట చేసిన దుబారా. ఇక పొదుపు చేయరానిచోట చేసిన పొదుపు మాట చెప్పవలెను. ఇది కష్టమైన మాట.

పురుడు పోసినది మంత్రసాని. ఆమె మంగలివారింటి పెద్దమ్మయో, మరియొక సేవకకులమునకు చెందిన ముసలమ్మయో అయి ఉండెడిది. నడిరేయి లేపినను లేచివచ్చెడిది. రెండుదినములు కూర్చుండి నొప్పులుపడు పిల్లకు నడుముపట్టెడిది. ఆమెకు ముట్టినది కుంచెడు వడ్లు, ఒక పాతచీర, తొట్టెలనాడు వాకిట పెట్టిన విస్తరి. మైలబట్టలు ఉతికిన చాకలియమ్మకు అంతకంటె తక్కువ. పెద్ద దొరల గడీలలో ఆపాటియు లేదు, అది వెట్టిలో చేరినది. విందుకు వందలు వెచ్చించిన గృహస్థు, తల్లిప్రాణమును పట్టుకొన్న చేతికి మాత్రము పాతచీర ఇచ్చి పంపెను. ఆ చేతికి చదువు చెప్పించవలెనని గాని, ఆ చేతిలోని కత్తి ఎట్టిదో చూడవలెనని గాని అతనికి తోచలేదు.

బొడ్డు కోయు పనిముట్టు చాలయిండ్లలో కొడవలియో, పాతకత్తియో, వెదురుబద్దయో. కోసినచోట బూడిదయో, పేడయో అద్దెడివారు. ఏడెనిమిది దినములకు కొందరు బిడ్డలు పాలుపట్టుట మాని, దవడలు బిగిసి, విల్లువలె వంగి మరణించెడివారు. దృష్టి తగిలినదనిరి, గాలి సోకినదనిరి. అది ధనుర్వాతము. మట్టిలోను పేడలోను ఉండు సూక్ష్మజీవి ఆ పచ్చిగాయముగుండ లోనికి పోవుటచేత కలుగును. ఇచ్చట చరకుని మరల తలచుకొనవలెను. బొడ్డును ఎనిమిది అంగుళముల దూరమున ముడివేసి, బంగారు, వెండి, ఇనుములలో ఒకదానితో చేసిన పదునైన ఉపకరణముతో కోయవలెనని ఆయన నిర్దేశించెను. లోహము కావలెననియు, పదును కావలెననియు చెప్పిన శాస్త్రము మన ఇంటనే ఉండగా మనము వెదురుబద్దకు దిగితిమి.

దూరదేశపు సంగతి యొకటి. ఐరోపాలోని వియన్నా నగరమున పెద్ద ప్రసూతి వైద్యశాలలో 1847లో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక విషయము గమనించెను. శవములను కోసి చూచిన చేతులతోనే వచ్చి పురుళ్లుపోయు వైద్యుల విభాగమున సూతికాజ్వరముతో తల్లులు విరివిగా మరణించుచుండిరి. మంత్రసానుల విభాగమున అంతగా లేదు. ఆయన ఒక గంగాళములో సున్నపు క్షారము కలిపిన నీరు పెట్టించి, అందు చేతులు కడుగనిదే ఎవరును లోనికి పోరాదని కట్టడిచేసెను. ఆ వసంతమున ఒకానొక నెలలో నూటికి పదునెనిమిది వరకు ఉన్న మరణములు కొలదినెలలలో రెండింటికి దిగినవి. ఆ క్షారము మన నూతులలో వేయు బ్లీచింగుపొడి జాతిది. దానికంటె చవుకైన వస్తువు అంగడిలో కనబడదు. తోడివైద్యులు ఆయనను ఎగతాళిచేసిరి, చేతులు కడుగుటకు ఒప్పుకొనరైరి. చదువుకొన్నవారి మూఢత్వము చదువనివారి మూఢత్వముకంటె గట్టిదని చూపుటకై దీనిని ఉదాహరించితిని.

మనదేశమున 1885లో డఫరిన్ ప్రభువుగారి భార్య పేర ఒక నిధి ఏర్పడి, స్త్రీలకు స్త్రీవైద్యులను సమకూర్చు యత్నము మొదలయ్యెను. నగరములకు కొంత మేలు జరిగినది, పల్లెకు చేరలేదు. 1946లో భోర్ సంఘము వెలువరించిన నివేదికలో, బ్రిటిషు ఇండియాలో వేయి ప్రసవములకు సుమారు ఇరువదిమంది తల్లులు మరణించుచుండిరని ఉన్నది. అనగా యేబది పురుళ్లకు ఒక తల్లి. 1937లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది ఏడాది నిండకమునుపే పోయిరి. ఈ అంకెలను నేటి అంకెల పక్కన పెట్టి చూడుడు. 2018 నుండి 2020 వరకు గల లెక్కలలో తెలంగాణమున లక్ష ప్రసవములకు తల్లి మరణములు 43. భోర్ సంఘము లెక్క ప్రకారము లక్షకు రెండువేలు. 2020లో మన రాష్ట్రమున వేయి శిశువులకు 21 మరణములు. పసిబిడ్డల ధనుర్వాతము మనదేశమున నిర్మూలితమైనదని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. గర్భిణికి వేయు సూదిమందు, శుభ్రమైన చేయి, శుభ్రమైన పక్క, కొత్తబ్లేడు, ఉడికించిన దారము, ఏమియు పూయక విడిచిన బొడ్డు. ఈ జయమునకు సాధనములు ఇవే. వీని వెల అన్నియు కలిపినను తొట్టెలనాటి తమలపాకుల వెల కాదు. "పాతకాలమే మంచిది" అని మనము అరుగుమీద కూర్చుండి అనునప్పుడు ఈ యేబదింట ఒకతెను మనస్సులో ఉంచుకొనవలెను.

ఆసుపత్రి పురుడు పల్లెకు వచ్చినది మొన్నటి మాట. నా చిన్ననాట బండికట్టి ఆసుపత్రికి తీసికొనిపోయిరనగా ఆశ వదలుకొన్నారని అర్థము. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి, ఆసుపత్రిలో ప్రసవించిన పేదతల్లికి కొంత సొమ్ము ఇచ్చుట మొదలయ్యెను. ఆ యేటనే 108 వాహనము వచ్చినది. 2011 జూను మాసమున జననీ శిశు సురక్షా కార్యక్రమము వచ్చినది. దీని ప్రకారము ప్రభుత్వ వైద్యశాలలో సామాన్య ప్రసవమునకు గాని, శస్త్రచికిత్సకు గాని ఒక పైసయు పుచ్చుకొనరాదు. మందులు, పరీక్షలు, అవసరమైన రక్తము, పోను రాను వాహనము, సామాన్య ప్రసవమునకు మూడుదినముల భోజనము, శస్త్రచికిత్స జరిగినచో ఏడుదినముల భోజనము ఉచితము. జబ్బుపడిన పసికందునకును చికిత్స ఉచితమే. ఇది భిక్ష కాదు, తల్లికి చెందిన హక్కు. హక్కు అని తెలియనివాడు బయటి దుకాణమునకు చీటీ పట్టుకొని పరుగెత్తును.

2017 జూనులో తెలంగాణ ప్రభుత్వము కేసీఆర్ కిట్టు అను పథకమును ఆరంభించెను. ప్రభుత్వ వైద్యశాలలో ప్రసవించిన తల్లికి మగబిడ్డయైన 12 వేలు, ఆడబిడ్డయైన 13 వేలు విడతలుగా ఇచ్చుటయు, పదునారు వస్తువుల పెట్టె యొకటి ఇచ్చుటయు అందలి ఏర్పాటు. ఆడబిడ్డకు వేయి ఎక్కువ అనుట నాకు నచ్చినది. పెట్టెలో దోమతెర, బిడ్డబట్టలు, తువ్వాలు, తల్లికి చీరలు ఉండెను. ఇవి ఉపయుక్తములు. పౌడరును ఉండెను. పసిబిడ్డకు పౌడరు అవసరము లేదు, ఊపిరితో లోనికి పోవునని పిల్లల వైద్యులు వలదందురు. పెద్దయింటివారు కొనుదురు గావున పేదయింటికిని ఇచ్చుట న్యాయమని అనుకొనిరి కాబోలును.

ఇప్పుడు పాల సంగతి. నా ప్రసంగమునకు ఇదియే ప్రధానము. పురిటి ఖర్చులన్నియు ఒక ఎత్తు, పాలడబ్బా ఖర్చు ఒక ఎత్తు. అవి ఒకనాటివి, ఇది నిత్యము.

మన ఊళ్లలో ఒక విచిత్రము ఉండెను. గేదె ఈనినచో మొదటి రెండుమూడు దినముల పాలు జున్నుపాలని, బలమని, బెల్లమువేసి వండి వీథియందరికిని పంచుదుము. తల్లికి వచ్చు మొదటి పాలు, అనగా పసుపుపచ్చని ముర్రుపాలు, చెడుపాలని పిండి పారబోసిరి. రెండుమూడు దినములు బిడ్డనోట తేనెయో, చక్కెరనీరో, ఆముదపుచుక్కయో వేసిరి. దీనికి శాస్త్రాధారము చూపువారు కలరు. సుశ్రుతుడు తల్లికి పాలు మూడునాలుగు దినములకు పడుననియు, అంతవరకు తేనె, నెయ్యి మొదలగునవి నాకింపవలెననియు చెప్పినమాట నిజము. కాని చరకుడు జాతకర్మ ముగిసిన వెంటనే మొదట కుడిచన్ను బిడ్డకు ఈయవలెనని చెప్పెను. ఇద్దరు ఆచార్యులు భేదించినప్పుడు పరీక్ష చేసి తెలిసికొనుట మన సంప్రదాయమే. పరీక్ష చరకుని పక్షమున తీర్పు చెప్పినది. ముర్రుపాలు బిడ్డకు మొదటి టీకా వంటివి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట అపాయమని వైద్యులు రూఢిగా చెప్పుచున్నారు. జాతకర్మ చేయుదుమనువారు మంత్రము చెప్పి బంగారమును తేనెకు తాకించి, తేనెను బిడ్డనోటికి తాకింపక విడువవచ్చును. కర్మకు లోపము రాదు.

ఇక డబ్బా పుట్టుపూర్వోత్తరములు. స్విట్జర్లాండు దేశమున 1867లో హెన్రీ నెస్లే అను ఆయన పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి శిశువుల పిండి యొకటి తయారుచేసెను. తల్లిలేని బిడ్డలకు, పాలుపట్టలేని బిడ్డలకు అది ఉపకారమే. వ్యాపారము అచ్చట ఆగునా? బొద్దుగానున్న తెల్లబిడ్డ బొమ్మతో ఆ జాతి డబ్బాలు దేశదేశములకు పోయినవి. మనదేశమున గేదెపాలతో శిశువుల పొడి చేయు విధానమును మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ కనుగొని గుజరాతు పాలసంఘమునకు అందించెను. పేదదేశములలో తల్లులు డబ్బా ఎక్కువకాలము రావలెనని పలుచగ కలిపిరి, మురికినీటితో కలిపిరి, సీసా ఉడికించుటకు కట్టెలు లేక చల్లనీటితో కడిగిరి. బిడ్డలు విరేచనములతోను, ఆకలితోను ఎండిపోయిరి. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1939లోనే సింగపూరున ఈ మరణములను హత్యలని ప్రసంగించినది. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ డబ్బాల ప్రకటనలను కట్టడిచేయు నియమావళిని ఆమోదించినది. 118 దేశములు ఔననగా, కాదన్నది అమెరికా ఒక్కటియే. మనదేశము 1992లో చట్టముచేసి 2003లో దానిని బిగించినది. ఆ చట్టము ప్రకారము శిశువుల పాలపొడికి ప్రకటన చేయరాదు, డబ్బాపై బిడ్డబొమ్మ వేయరాదు, తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బాపైననే వ్రాయవలెను, వైద్యులకు కానుకలు ఈయరాదు.

నేను బడిపంతులను, ఒక లెక్క వేయనిండు. మూడుమాసముల బిడ్డ దినమునకు సుమారు 700 మిల్లీలీటర్ల పాలు త్రాగును. నూరు మిల్లీలీటర్లకు పదుమూడు పదునాలుగు గ్రాముల పొడి కావలెను. దినమునకు తొంబదియైదు గ్రాములు. 400 గ్రాముల డబ్బా నాలుగుదినములు వచ్చును. నెలకు ఏడెనిమిది డబ్బాలు. డబ్బా వెల మీ ఊరి మందుల దుకాణమున అడిగి ఎనిమిదిచేత గుణింపుడు, దానిని ఆరుమాసములచేత గుణింపుడు. సీసాలు, రబ్బరుకొనలు, గ్యాసు, నడుమ వచ్చు విరేచనములకు వైద్యుని రుసుము దీనికి కూడుడు. వచ్చిన మొత్తము ఒక కూలివాని సంసారమును కూల్చుటకు చాలును.

తల్లిపాలు మాత్రము ఊరకే వచ్చునా అందురేమో. రావు. పాలిచ్చు తల్లికి మొదటి ఆరునెలలు దినమునకు సుమారు 600 క్యాలరీల ఆహారము అధికముగా కావలెనని పోషకాహార శాస్త్రజ్ఞుల లెక్క. అది మన వంటింటి భాషలో రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు పప్పు, గుప్పెడు పల్లీలు, ఒక గుడ్డు. మన పెద్దమ్మలు బాలింతకు పత్యమని పేరుపెట్టి కారము, అన్నము తప్ప ఏమియు పెట్టక, దాహమైనను నీరు ఈయక మాడ్చిన సందర్భములు కలవు. ఇది పొదుపు చేయరానిచోట చేసిన రెండవ పొదుపు. డబ్బాకు పెట్టు సొమ్ములో నాలుగవవంతు తల్లి కంచమున పెట్టినచో బిడ్డకు చేరును. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద 2015 నుండి గర్భిణులకును, బాలింతలకును ఒకపూట నిండుభోజనము, గుడ్డు, పాలు పెట్టుట మొదలైనది. కోడలు అంగన్‌వాడీకి పోయి తినుట పరువుతక్కువని కొందరు అత్తలు భావింతురు. పెద్దలు ఈ మాటలో కలుగజేసికొనవలెను.

మా బాన్సువాడకు గౌరవము తెచ్చిన సంగతి ఇచ్చటనే చెప్పవలెను. 1991లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు, యూనిసెఫ్ అను బాలల నిధియు కలిసి తల్లిపాలకు అనుకూలములగు వైద్యశాలలను గుర్తించు పద్ధతి ఏర్పరచెను. వైద్యశాలలో పాలడబ్బాలకు, సీసాలకు చోటుండరాదు. పుట్టిన గంటలోపల బిడ్డను తల్లిరొమ్మునకు చేర్పవలెను. తల్లిని బిడ్డను ఒకే పక్కన ఉంచవలెను. పాలుపట్టు విధము దాదులు దగ్గరుండి నేర్పవలెను. ఇట్టి పది మెట్లు కలవు. వినుటకు సులభము. రాత్రివేళ బిడ్డ ఏడ్చునప్పుడు, నాయనమ్మ సీసా తెమ్మని కేకలు వేయునప్పుడు, తల్లి నొప్పితో మూలుగునప్పుడు ఆ మెట్లు ఎక్కుట కష్టము. మా ఊరి మాతా శిశు వైద్యశాల ఆ మెట్లెక్కి 2022లో తల్లిపాల స్నేహపూర్వక వైద్యశాలగా జాతీయస్థాయి గుర్తింపు పొందినది. మహానగరములలోని పాలరాతి ఆసుపత్రులు అనేకములు పొందని గుర్తింపు అది. దీనిని పొందుటకు కొనవలసిన యంత్రమేదియు లేదు. దాది ప్రతి తల్లి పక్కన కూర్చుండుటయే దాని మూలధనము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము మన రాష్ట్రమున నూటికి 97 పురుళ్లు ఆసుపత్రులలోనే జరుగుచుండెను. అయినను గంటలోపల తల్లిపాలు దొరకిన బిడ్డలు నూటికి నలుబదిమందికి తక్కువ. ఆసుపత్రి గడపదాటినంతమాత్రమున పని ముగియదని ఈ రెండు అంకెలు చెప్పుచున్నవి. బాన్సువాడ దాదుల పని విలువయు ఇందుచేతనే తెలియును.

కడపట శస్త్రచికిత్స. పై పరిశీలనయే ఈ సంగతియు తెలిపినది. తెలంగాణమున నూరు పురుళ్లలో 60కి పైగా కడుపుకోసి తీసినవే. దేశమున ఏ రాష్ట్రమునను ఇంత లేదు. ప్రభుత్వ వైద్యశాలలలో 44, ప్రైవేటు వైద్యశాలలలో 81. నూటికి పది పదునైదుకు మించి అవసరముండదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలు 1985లోనే చెప్పియుండిరి. అవసరమైనచోట ఆ కోత తల్లిని బిడ్డను యమునినోటినుండి లాగు కోత. అట్టి సమయమున ఖర్చునకు జంకి వలదనువాడు పొదుపరి కాడు, ఘాతుకుడు. అవసరములేనిచోట మాత్రము అది అప్పు, గాయము, ఆలస్యముగా పడు పాలు, మరుసటి పురిటికి మరల కోత.

దీనికి వైద్యులను మాత్రమే నిందించుట ధర్మము కాదు. మనవారు పంచాంగము చేతబట్టుకొని ఆసుపత్రికి పోవుచున్నారు. ఫలానా లగ్నమున తీయుడని, అమావాస్యలోపల తీయుడని వైద్యుని ఒత్తిడిపెట్టుచున్నారు. నేను జ్యోతిషము కొంత చదివినవాడను కావున చెప్పుచున్నాను. గర్భాధానమునకు ముహూర్తము కలదు, పుంసవనమునకు కలదు, సీమంతమునకు కలదు. ప్రసవమునకు ముహూర్తము ఏ గ్రంథమునను లేదు. బిడ్డ తనంత వచ్చిన క్షణమును బట్టి జాతకము వ్రాయుదురు గాని, జాతకము వ్రాసిపెట్టి బిడ్డను దానిలోనికి లాగరు. నెలలు నిండకమునుపే వెలికితీసిన బిడ్డ ఊపిరాడక గాజుపెట్టెలో పడియుండగా లగ్నాధిపతి ఉచ్చలో ఉండి చేయునదేమి? మన ఊళ్లలో పురోహితుని ఇంటికి పోవునది కోడలు కాదు, ముఖ్యముగా మీవంటి పెద్దలే. ఇకమీద ఎవరైన మీయొద్దకు వచ్చి ప్రసవమునకు ముహూర్తము చూపింపుడని అడిగినచో, పదునొకండవ దినమున నామకరణమునకు పెట్టింతుము, అప్పుడు రమ్మని చెప్పి పంపుడు.